ఫ్రిజ్ పంపు, కల్పాక్కం సోడియం: రియాక్టర్‌ను చల్లబరిచే కథలో ఎంత నిజం?

మే నెల మధ్యాహ్నం. వేళచ్చేరిలో మా పిన్ని వాళ్ళింట్లో కరెంటు పోయింది. ఫ్రిజ్ గుర్రుమనడం ఆగేసరికి ఇల్లంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. "ఎవరూ ఫ్రిజ్ తలుపు తియ్యకండి, ఉన్న చల్లదనం కాస్తా పోతుంది," అని వంటింట్లోంచి పిన్ని కేక. విసనకర్ర పుచ్చుకుని కూర్చున్న బాబాయి నావైపు తిరిగి, "ఏరా, ఫ్రిజ్ కోసమని ఐన్‌స్టీన్ కనిపెట్టిన పంపేనట మన కల్పాక్కం రియాక్టర్‌ని చల్లబరిచేది. నిజమేనా? ఆయనతో పాటు ఇంకొకాయన కూడా ఉన్నాడు. పేరు నోరు తిరగలేదు," అన్నాడు.

నోరు తిరగని ఆ పేరు లియో సిలార్డ్, భౌతిక శాస్త్రవేత్త. బాబాయి విన్నది అబద్ధం కాదు, అలాగని నిజమూ కాదు. చెన్నైకి దక్షిణాన సుమారు 70 కిలోమీటర్ల దూరంలో, మహాబలిపురం దాటాక సముద్రం ఒడ్డున ఉన్న కల్పాక్కంలో 500 మెగావాట్ల ఫాస్ట్ బ్రీడర్ రియాక్టర్ (కాల్చినదానికంటే ఎక్కువ ఇంధనం పుట్టించే రకం) వార్తల్లోకి వచ్చినప్పుడల్లా ఇలాంటి సగం నిజాలు తిరుగుతుంటాయి. దాన్ని చల్లబరిచే ద్రవ సోడియం అంటే బాంబు అనేవాళ్ళు కొందరు, సోడియం ఉంటే ఇక భయమే లేదనేవాళ్ళు కొందరు. ఈ చిక్కుముడి విప్పాలంటే పంపు దగ్గర కాదు, వేడి దగ్గర మొదలుపెట్టాలి.

చల్లబరచడం అంటే నిజానికి వేడిని మోసుకుపోవడం

యురేనియం, ప్లుటోనియం లాంటి బరువైన పరమాణువు కేంద్రకాన్ని న్యూట్రాన్ తాకితే అది రెండుగా చీలుతుంది. అదే విచ్ఛిత్తి. చీలినప్పుడు వేడి పుడుతుంది, మరో రెండు మూడు న్యూట్రాన్లు బయటికొస్తాయి. అవి వెళ్ళి ఇంకొన్ని కేంద్రకాలను చీలుస్తాయి. ఈ గొలుసును అదుపులో నడిపే యంత్రమే రియాక్టర్. పుట్టిన వేడితో నీళ్ళు మరిగించి, ఆవిరితో టర్బైన్ తిప్పి కరెంటు తీస్తారు. కాబట్టి ఇక్కడ 'చల్లబరచడం' అన్న మాట కొంచెం తప్పుదారి పట్టిస్తుంది. కారు ఇంజన్లో వేడి వదిలించుకోవాల్సిన పీడ. రియాక్టర్‌లో వేడే సరుకు. ఆ సరుకును కోర్ నుంచి, అంటే ఇంధనం ఉండే నడిబొడ్డు నుంచి, ఎత్తుకుపోయే ద్రవాన్నో వాయువునో కూలెంట్ అంటారు.

కల్పాక్కం రియాక్టర్‌నే తీసుకుని లెక్క వేద్దాం. దీని ఉష్ణశక్తి 1250 మెగావాట్లు, అందులో కరెంటుగా మారేది 500. మిగతాది చివరికి సముద్రపు నీటిలో కలుస్తుంది. కోర్‌లో ఇంధనపు కట్టలు 181. ఒక్కో కట్టలో 217 సన్నని గొట్టాలు. గొట్టం లావు 6.6 మిల్లీమీటర్లు, అంటే పిల్లలు రాసుకునే పెన్సిలంత కూడా ఉండదు. లోపల ఇంధనం ఉన్న భాగం ఎత్తు మీటరు. మొత్తం గొట్టాలు 39 వేల పైచిలుకు. 1250 మెగావాట్లను వాటికి పంచితే ఒక్కోదానికి 32 కిలోవాట్లు వస్తాయి. కొంత వేడి చుట్టూ దుప్పటిలా పేర్చిన బ్లాంకెట్ కట్టల్లో పుడుతుంది కనుక 30 అనుకుందాం. మన ఇళ్ళలో వాడే 2 కిలోవాట్ల ఇండక్షన్ పొయ్యిలు పదిహేను కలిసి ఇచ్చే వేడి, పెన్సిలంత లావు, మీటరు పొడవున్న ఒక్క పుల్లలోంచి వస్తోందన్నమాట. అలాంటి పుల్లలు 39 వేలు, రెండు మీటర్ల వెడల్పైనా పెద్దగా దాటని చోట, పక్కపక్కనే.

ఈ వేడిని ఎత్తుకుపోవడానికి అక్కడ వాడేది ద్రవ సోడియం. 397 డిగ్రీల దగ్గర లోపలికి వెళ్ళి 547 డిగ్రీల దగ్గర బయటికొస్తుంది. ఒక కిలో సోడియం ఒక డిగ్రీ వేడెక్కడానికి సుమారు 1.27 కిలోజౌళ్ళు తీసుకుంటుంది. అంటే 150 డిగ్రీలు వేడెక్కే కిలో సోడియం దాదాపు 190 కిలోజౌళ్ళు మోస్తుంది. సెకనుకు 12,50,000 కిలోజౌళ్ళు మోయాలంటే సెకనుకు ఆరున్నర టన్నుల సోడియం పారాలి. లీటర్లలో చెబితే సుమారు 7,600. చెన్నైలో ఎండాకాలం వీధి చివర ఆగే 9 వేల లీటర్ల నీళ్ళ లారీ తెలుసుగా? సెకను కాస్త దాటేసరికి అలాంటి లారీ ఒకటి ఖాళీ అయినంత ప్రవాహం. రాత్రీ పగలూ.

దీన్ని తోసేదెవరు అన్నదే పంపు ప్రశ్న. దానికంటే ముందు ఇంకో ప్రశ్న ఉంది.

ఆర్పేసినా ఆరని వేడి

రియాక్టర్‌ను ఆపడం కష్టం కాదు. న్యూట్రాన్లను మింగేసే కంట్రోల్ రాడ్లు కోర్‌లోకి జారితే గొలుసు సెకన్లలో తెగిపోతుంది. కానీ వేడి ఆగదు. చీలిన ముక్కలు చాలావరకు రేడియోధార్మిక పదార్థాలు. అవి వాటంతట అవే క్షీణిస్తూ వేడి పుట్టిస్తూనే ఉంటాయి.

కొందరు దీన్ని స్టవ్ కట్టేసినా వేడిగా ఉండే ప్రెషర్ కుక్కర్‌తో పోలుస్తారు. ఆ పోలిక అతకదు. కుక్కర్లో ఉన్నది ముందే నిలవైన వేడి, అది తగ్గడమే గానీ కొత్తగా పుట్టేదేమీ లేదు. దీనికి సరైన పోలిక ఊక కుంపటి. పైన బూడిద కప్పుకుని ఆరిపోయినట్టే కనిపిస్తుంది, లోపల నిప్పు కాలుతూనే ఉంటుంది. నివురు గప్పిన నిప్పు అని మనవాళ్ళు ఊరికే అనలేదు. కుంపటి మీద నీళ్ళు చల్లితే చల్లారుతుంది, ఇది అలా కూడా చల్లారదు. అంతే తేడా.

ఎంత వేడి? ఆపిన మరుక్షణం పూర్తి శక్తిలో 6 శాతం పైన. గంట తర్వాత 1.3 శాతం దగ్గర. ఒక రోజు గడిచాక సుమారు అర శాతం. శాతాల్లో చూస్తే పిసరంతే. 1250 మెగావాట్ల మీద లెక్కేస్తే, గంట తర్వాత కూడా 16 మెగావాట్లు, అంటే 8 వేల ఇండక్షన్ పొయ్యిలు. రోజు గడిచినా మూడు వేల పొయ్యిలు.

2011 మార్చి 11న ఫుకుషిమాలో జరిగింది ఇదే. భూకంపం రాగానే నడుస్తున్న రియాక్టర్లు ఆగాల్సినట్టే ఆగాయి. ఆ తర్వాత సునామీ డీజిల్ జనరేటర్లను ముంచేసింది. పంపులు ఆగాయి. మిగిలిన ఆ కొద్ది శాతం వేడే ఇంధనాన్ని కరిగించింది. మన తీరానికి 2004 డిసెంబరు 26న వచ్చిన సునామీలో కల్పాక్కంలోని మద్రాసు అణు విద్యుత్కేంద్రం పంప్‌హౌస్‌లోకి సముద్రపు నీరు వచ్చింది. నడుస్తున్న రెండో యూనిట్‌ను సురక్షితంగా ఆపారు. అప్పుడప్పుడే పని మొదలైన బ్రీడర్ రియాక్టర్ పునాది గొయ్యి మాత్రం నీటితో నిండిపోయింది.

కాబట్టి కూలింగ్ వ్యవస్థను పరీక్షించేది రియాక్టర్ జోరుగా నడిచే రోజు కాదు, ఆగిపోయిన రాత్రి. ఈ ఒక్క సంగతి గుర్తుంటే మిగతా కథలో ఎవరి వాదన ఎటు పోతోందో తెలిసిపోతుంది.

బెర్లిన్ వంటింటి కోసం పుట్టిన పంపు

1920ల్లో ఇంటి ఫ్రిజ్‌లలో వాడిన వాయువులు అమోనియా, మిథైల్ క్లోరైడ్, సల్ఫర్ డయాక్సైడ్. మూడూ విషాలే. కంప్రెసర్ సీలు పాడైతే అవి గదిలోకి వచ్చేవి. బెర్లిన్‌లో ఒక కుటుంబం నిద్రలోనే అలా చనిపోయిందన్న పేపరు వార్త ఐన్‌స్టీన్‌ను కదిలించిందంటారు. అప్పటికి ఆయన ప్రపంచ ప్రసిద్ధుడు. అంతకు చాలా ముందు స్విట్జర్లాండ్ పేటెంట్ ఆఫీసులో గుమాస్తాగా పనిచేసినవాడు కనుక యంత్రాల బొమ్మలు ఆయనకు కొత్త కాదు. సిలార్డ్ ఆయనకంటే ఇరవై ఏళ్ళకు దగ్గరగా చిన్నవాడు, 1898లో బుడాపెస్ట్‌లో పుట్టినవాడు. 1926లో ఇద్దరూ కలిసి పని మొదలుపెట్టారు. కదిలే భాగం లేకపోతే సీలు అక్కర్లేదు, సీలే లేకపోతే లీకు లేదు. వాళ్ళ ఆలోచన ఇంతే.

ఆ వరసలో పుట్టిందే విద్యుదయస్కాంత పంపు. అది ఎలా పనిచేస్తుందో పదో తరగతి ఫిజిక్స్ చదివిన అందరికీ తెలుసు, తెలుసన్న సంగతే మర్చిపోయి ఉంటాం. ఎడమచేతి బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలు ఒకదానికొకటి అడ్డంగా చాపమనేవారు. చూపుడు వేలు అయస్కాంత క్షేత్రం, మధ్య వేలు కరెంటు, బొటనవేలు తోపు. మిక్సీలో ఆ తోపు రాగి తీగ చుట్టిన ఇరుసును తిప్పుతుంది. ఇరుసు స్థానంలో కరెంటు పారే ద్రవం ఉంటే? ఆ తోపు ద్రవాన్నే గొట్టం వెంట ముందుకు నెడుతుంది. గొట్టం బయట తీగ చుట్లు, లోపల ద్రవలోహం. రెక్కల్లేవు, ఇరుసు లేదు, బేరింగు లేదు, సీలు లేదు. ద్రవం మాత్రం కరెంటు బాగా పారేదై ఉండాలి, అంటే కరిగిన లోహం కావాలి. వాళ్ళు ఎంచుకున్నది సోడియం, పొటాషియం కలిసిన మిశ్రమం. తగిన పాళ్ళలో కలిపితే అది గది వేడిమి దగ్గరే పాదరసంలా ద్రవంగా ఉంటుంది.

జర్మన్ విద్యుత్ కంపెనీ ఏఈజీ ఈ పని చేతికి తీసుకుని, 1931లో నమూనా ఫ్రిజ్‌ను నడిపించింది కూడా. నడిచింది గానీ అరిచింది. లోహం గొట్టంలో కొట్టుకునే శబ్దం నక్క ఊళలా ఉండేదని చూసినవాళ్ళు చెప్పుకున్నారు. ఈలోగా ఆర్థిక మాంద్యం వచ్చింది, అమెరికాలో విషం కాని ఫ్రియాన్ వాయువు వచ్చింది, 1933లో హిట్లర్ వచ్చాడు. సిలార్డ్ పెట్టె సర్దుకుని జర్మనీ వదిలాడు. మా పిన్ని ఫ్రిజ్‌లో ఐన్‌స్టీన్ పంపు లేకపోవడానికి కారణాలివి.

షికాగోలో నెగ్గని బిస్మత్

ఆ 1933 సెప్టెంబరులోనే లండన్‌లో రోడ్డు దాటుతుండగా సిలార్డ్‌కు కేంద్రక గొలుసు చర్య ఆలోచన తట్టింది. 1934లో దానికి పేటెంట్ దరఖాస్తు పెట్టాడు. అప్పటికింకా విచ్ఛిత్తిని ఎవరూ కనుక్కోలేదు. 1942 డిసెంబరు 2న షికాగోలో ఎన్రికో ఫెర్మీ బృందం మొదటి రియాక్టర్‌ను నడిపినప్పుడు సిలార్డ్ అక్కడే ఉన్నాడు. ఆ రియాక్టర్‌కు కూలింగ్ వ్యవస్థే లేదు. ఆ రోజు పుట్టిన శక్తి అర వాట్. టార్చిలైటు బల్బు కూడా సరిగ్గా వెలగదు.

తర్వాత కట్టాల్సినవి మాత్రం వందల మెగావాట్లవి. దేనితో చల్లబరచాలి అన్నదాని మీద అక్కడ గట్టి వాదనే నడిచింది. మొదట హీలియం వాయువు అనుకున్నారు. సిలార్డ్ ద్రవ బిస్మత్ (సీసం లాంటి బరువైన లోహం) కావాలన్నాడు, తోయడానికి తన పాత ఫ్రిజ్ పంపు ఎలాగూ ఉంది. ఆయన స్నేహితుడు, సాటి బుడాపెస్ట్ వాడు యూజీన్ విగ్నర్ మామూలు నీళ్ళు చాలన్నాడు. నెగ్గింది నీళ్ళే. ప్లుటోనియం కోసం అమెరికాలో కట్టిన హాన్‌ఫోర్డ్ రియాక్టర్లను కొలంబియా నది నీటితో చల్లబరిచారు. విగ్నర్ తప్పు చేశాడని ఎవరూ అనలేరు. యుద్ధం మధ్యలో, అందరికీ తెలిసిన పంపులతో, అందరికీ తెలిసిన ద్రవంతో పని ముగించడం ఇంజనీరింగ్ వివేకం.

ద్రవలోహం వంతు తర్వాత వచ్చింది. 1951 డిసెంబరు 20న అమెరికాలోని ఐడహోలో ఈబీఆర్-1 అనే చిన్న బ్రీడర్ రియాక్టర్ నాలుగు 200 వాట్ల బల్బులు వెలిగించింది. దాని కూలెంట్ సోడియం, పొటాషియం మిశ్రమం. ఎత్తు మీది ట్యాంకు నుంచి ఆ లోహం దిగి కోర్ గుండా పారేది, దాన్ని మళ్ళీ పైకి ఎక్కించేది విద్యుదయస్కాంత పంపు. మన మేడ మీది ట్యాంకు, కింది మోటారు ఏర్పాటే. తర్వాత స్కాట్లండ్‌లోని డౌన్‌రే రియాక్టర్‌లోనూ ఇలాంటి పంపులే పెట్టారు.

నీళ్ళు ఎందుకు పనికిరావు: క్యారమ్స్ బల్ల మీద న్యూట్రాన్

మద్రాసు అణు విద్యుత్కేంద్రంలోని పాత యూనిట్లు భారజలంతో నడుస్తాయి. పక్కనే కట్టిన బ్రీడర్‌కు సోడియం ఎందుకు? బ్రీడర్ పని కరెంటు ఇవ్వడంతో అయిపోదు. విచ్ఛిత్తికి తేలిగ్గా లొంగని యురేనియం-238ను ప్లుటోనియంగా మార్చాలి, అదీ తను కాల్చినదానికంటే ఎక్కువ. అందుకు న్యూట్రాన్లు పుట్టినప్పటి వేగం పోగొట్టుకోకూడదు.

క్యారమ్స్ ఆడినవాళ్ళకు ఇది వెంటనే తెలుస్తుంది. ఒక కాయ అంతే బరువున్న ఇంకో కాయను సూటిగా తాకితే అక్కడే ఆగిపోతుంది, వేగమంతా రెండోదానికి పోతుంది. అదే కాయ బల్ల అంచుకు తగిలితే దాదాపు అదే వేగంతో వెనక్కి వస్తుంది. నీళ్ళలోని హైడ్రోజన్ బరువు, న్యూట్రాన్ బరువు ఇంచుమించు ఒకటే. ఒక్కో తాకిడికి న్యూట్రాన్ సగటున సగం శక్తి పోగొట్టుకుంటుంది. సోడియం 23 రెట్లు బరువు. సూటిగా తగిలినా పోయేది 16 శాతం, సగటున 8. లెక్కగా చెప్పాలంటే, అప్పుడే పుట్టిన న్యూట్రాన్ పూర్తిగా నెమ్మదించడానికి హైడ్రోజన్‌తో 18 తాకిళ్ళు చాలు, సోడియంతో 200 పైన కావాలి. నీళ్ళు పోస్తే ఫాస్ట్ రియాక్టర్ ఫాస్ట్‌గా ఉండదు.

ఇంటర్ ల్యాబులో చూసిన సోడియం

ఇంటర్లో మా కెమిస్ట్రీ మేడమ్ కిరోసిన్ సీసాలోంచి సోడియం ముక్క పట్టకారుతో తీసి, ఫిల్టర్ పేపరుతో ఒత్తి, కత్తితో కోశారు. గట్టిపడిన వెన్నను కోసినట్టు కోసుకుపోయింది. కోసిన ముఖం వెండిలా తళుక్కుమని, మేం మెడలు చాచి చూసేలోపే మసకబారింది. శనగగింజంత ముక్కను నీళ్ళ తొట్టిలో వేస్తే అది గుండ్రటి పూసలా మారి బుస్సుమంటూ నీటి మీద పరుగులు పెట్టింది. చివర్లో టప్ మని చిన్న పేలుడు. ముందు వరసలో వాళ్ళు వెనక్కి గెంతారు. సోడియం అనగానే జనానికి గుర్తొచ్చేది ఆ టప్.

ఆ భయానికి ఆధారం ఉంది. అలాగే ఆ ద్రవానికి గొప్ప గుణాలూ ఉన్నాయి. 98 డిగ్రీలకు కరుగుతుంది, 883 డిగ్రీల దాకా మరగదు. నడిచే వేడిమి 547 కాబట్టి మరగకుండా ఉండటానికి ఒత్తిడి అక్కర్లేదు. చాలా నీటి రియాక్టర్లలో నీళ్ళు మరగకుండా వంద వాతావరణాల పైన ఒత్తిడిలో బిగించి ఉంచాలి, గొట్టం పగిలితే ఆవిరై ఎగిరిపోతాయి. సోడియం తొట్టికి చిల్లు పడితే కారుతుందంతే. పైగా వేడిని నీటికంటే సుమారు వంద రెట్లు తేలిగ్గా పాకనిస్తుంది, ఉక్కును తినదు.

చిక్కులు మూడు చోట్ల. ఒకటి, గాలి. వేడి సోడియం గాలి తగిలితే అంటుకుని దట్టమైన తెల్లటి పొగ కక్కుతుంది. రెండు, న్యూట్రాన్లు తగిలి సోడియం తానే రేడియోధార్మికమవుతుంది. దాని అర్ధాయువు 15 గంటలే అయినా, ఆ సోడియాన్ని నేరుగా నీళ్ళ గొట్టాల దగ్గరికి తీసుకెళ్ళడం తెలివితక్కువ. అందుకే మధ్యలో ఇంకో సోడియం వలయం పెడతారు. కోర్ నుంచి వచ్చిన సోడియం తన వేడిని ఈ శుభ్రమైన సోడియానికి అందిస్తే, అది వెళ్ళి నీటిని మరిగిస్తుంది. మూడోది, నా లెక్కలో అన్నిటికంటే సున్నితమైన చోటు, ఆవిరి జనరేటర్. అక్కడ సన్నని ఉక్కు గొట్టానికి ఒక పక్క సుమారు 170 వాతావరణాల ఒత్తిడిలో నీళ్ళు, ఇంకో పక్క ఒత్తిడి అంతగా లేని సోడియం. సూదిమొనంత రంధ్రం పడితే ఆవిరి సోడియంలోకి చిమ్ముతుంది, హైడ్రోజన్ పుడుతుంది. అందుకే హైడ్రోజన్ జాడను పసిగట్టే పరికరాలు అక్కడ నిరంతరం కాపలా ఉంటాయి.

లీకులు ఊహ కాదు. 1995 డిసెంబరు 8న జపాన్‌లోని మోంజు సోడియం రియాక్టర్‌లో ఉష్ణమాపకం దూర్చిన చిన్న గొట్టం ప్రవాహపు అదురుకు విరిగి, 600 కిలోల పైన సోడియం కారి మంటలు లేచాయి. కారింది రెండో వలయంలోని శుభ్రమైన సోడియం, రేడియోధార్మికత బయటికి రాలేదు. కానీ నడిపే సంస్థ వీడియోను కత్తిరించి చూపించిందని తేలాక జనం నమ్మకం పోయింది. 2016లో దాన్ని మూసేయాలని నిర్ణయించారు. రష్యాలోని బీఎన్-600 అనే సోడియం రియాక్టర్ కూడా చాలా లీకులు, కొన్ని మంటలు చూసింది, అయినా 1980 నుంచి కరెంటు ఇస్తూనే ఉంది. మన కల్పాక్కంలోనే 1985 అక్టోబరులో మొదలైన చిన్న పరీక్షా రియాక్టర్ ఎఫ్‌బీటీఆర్‌లో 2002లో సుమారు 75 కిలోల సోడియం కారింది. ఇన్ని ఉదంతాల నుంచీ ఎవరికి కావలసిన పాఠం వాళ్ళు తీసుకోవచ్చు, తీసుకుంటున్నారు కూడా.

ఇంతకీ కల్పాక్కంలో ఆ పంపు ఉందా?

ఉంది, పెద్ద పని మీద కాదు. 500 మెగావాట్ల రియాక్టర్‌లో కోర్ గుండా సోడియాన్ని తోసేవి రెండు మామూలు సెంట్రిఫ్యుగల్ పంపులు. పొడవాటి ఇరుసు, కింద సోడియంలో మునిగిన రెక్కలు, పైన మోటారు. సూత్రానికి మన బోరు పంపుల చుట్టమే. రెండో వలయంలోనూ యాంత్రిక పంపులే. విద్యుదయస్కాంత పంపులు వాడేది పక్క పనులకు, ఉదాహరణకు సోడియంలో చేరిన ఆక్సైడ్ మలినాలను తీసే శుద్ధి వలయాల్లో. అక్కడ ప్రవాహం తక్కువ, లీకు లేకపోవడం ముఖ్యం, మరమ్మతు కష్టం. సిలార్డ్ పంపుకు అచ్చంగా సరిపోయే కొలువు.

పెద్ద పనికి ఎందుకు పెట్టలేదు? కరెంటు ఎక్కువ తింటుందన్నది ఒక కారణం. యాంత్రిక పంపు సామర్థ్యంలో సగం వచ్చినా అది గొప్పే. అసలు కారణం అంతకంటే రుచిగా ఉంటుంది. కరెంటు పోయిన క్షణాన్ని ఊహించండి. యాంత్రిక పంపు ఇరుసుకు బరువైన ఫ్లైవీల్ ఉంటుంది. ఫ్యాన్ స్విచ్ కట్టేశాక రెక్కలు కాసేపు తిరిగినట్టు, ఆ చక్రం తిరుగుతూనే ఉండి ప్రవాహాన్ని మెల్లగా తగ్గిస్తుంది. కంట్రోల్ రాడ్లు పడి వేడి తగ్గేదాకా ఆ సెకన్లే ప్రాణం. విద్యుదయస్కాంత పంపులో కదిలే భాగమే లేదు కదా, కరెంటు పోతే తోపు అక్కడికక్కడే మాయం. ఏ గుణం చూసి సిలార్డ్ మురిసిపోయాడో, ఆ గుణమే ఇక్కడ లోపమైంది. పెద్ద పనికి వాడాలంటే దానికి కరెంటిచ్చే జనరేటర్‌కు ఫ్లైవీల్ తగిలించాలి. అప్పుడు కదిలే భాగం పక్క గదిలోకి మారిందే తప్ప పోలేదు.

సోడియం మీద రెండు పక్షాలు

సమర్థించేవాళ్ళ వాదనలో బలమైనది 1986 ఏప్రిల్ నాటి ప్రయోగం. అమెరికాలోని ఈబీఆర్-2 సోడియం రియాక్టర్ పూర్తి శక్తితో నడుస్తుండగా, కంట్రోల్ రాడ్లు పడకుండా చేసి మరీ, పంపులు కట్టేశారు. కోర్ వేడెక్కి వ్యాకోచించింది, న్యూట్రాన్లు బయటికి జారిపోయాయి, శక్తి దానంతటదే పడిపోయింది. చెర్నోబిల్ ప్రమాదానికి కొద్ది వారాల ముందు సంగతి ఇది. అయితే ఒక తిరకాసు. ఈబీఆర్-2లో ఉన్నది లోహ ఇంధనం, అది తక్కువ వేడి నిలవ చేసుకుంటుంది. కల్పాక్కం పెద్ద రియాక్టర్‌కు రూపొందించింది ఆక్సైడ్ ఇంధనం. అక్కడి ఫలితాన్ని ఎత్తి ఇక్కడ అతికించడం కుదరదు.

విమర్శకుల వాదనలో బలమైనది సోడియం ఖాళీ సమస్య. పెద్ద ఫాస్ట్ కోర్ మధ్యలో సోడియం మరిగి బుడగలు కడితే న్యూట్రాన్ల వేగం ఇంకా పెరిగి, గొలుసు చర్య తగ్గడానికి బదులు పెరగవచ్చు. మరిగే దాకా 300 డిగ్రీల పైన ఎడం ఉందని, ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు ఆపుడు వ్యవస్థలు ఉన్నాయని రూపకర్తల జవాబు. ఆ రెండూ విఫలమైన రోజుకు రియాక్టర్‌ను కప్పే కాంక్రీటు గోపురం ఎంత గట్టిగా ఉండాలన్నదే అసలు ప్రశ్న అని విమర్శకుల ఎదురు జవాబు. ఇక్కడ ఇద్దరి మధ్యా తేడా భౌతికశాస్త్రంలో లేదు. ఎంత అరుదైన దానికి సిద్ధపడాలి అన్నదాని మీద ఉంది.

ఇక ఆలస్యం సంగతి. పని 2004లో మొదలైంది, 2010కి ముగుస్తుందన్నారు. కోర్ నింపడం ఆరంభించే కార్యక్రమం ప్రధాని సమక్షంలో జరిగింది 2024 మార్చి 4న. సోడియం రియాక్టర్లు ఎక్కడ కట్టినా ఇంతేనని ఒకరు, మొదటిది కదా నేర్చుకుంటూ కట్టారని ఇంకొకరు. రెండూ కొట్టిపారేయదగ్గవి కావు.

సిలార్డ్ నెగ్గించలేకపోయిన బిస్మత్ కూడా పూర్తిగా పోలేదు. సోవియట్ జలాంతర్గాములు కొన్ని సీసం, బిస్మత్ మిశ్రమంతో నడిచాయి. దానికి మంట భయం లేదు గానీ, గడ్డకడితే రియాక్టర్ మొత్తం దిమ్మైపోతుంది. రష్యా ఇప్పుడు సెవెర్స్క్‌లో ఉత్త సీసంతో చల్లబడే రియాక్టర్ కడుతోంది.

పంపులన్నీ ఆగిన రాత్రి

పంపులూ లేవు, కరెంటూ లేదు అనుకుందాం. కల్పాక్కంలో కోర్ మునిగి ఉండే పెద్ద ఉక్కు పాత్రలో 1,150 టన్నుల సోడియం ఉంది. దాన్ని ఒక డిగ్రీ వేడెక్కించడానికి సుమారు 1,460 మెగాజౌళ్ళు పడుతుంది. ఆపిన గంట తర్వాత ఉండే 16 మెగావాట్ల వేడికి ఒక్క డిగ్రీ పెరగాలంటే నిమిషన్నర. గంటకు 40 డిగ్రీలు. వేడి బయటికి పోయే దారే లేకపోయినా సోడియం మరగడానికి పది గంటలు పైనే పడుతుందని కాగితం మీద లెక్క తేలుతుంది. ఉక్కు పాత్రను అంత వేడి దాకా పోనివ్వరు కాబట్టి చేతిలో ఉండే సమయం అంతకంటే తక్కువే, అయినా నిమిషాలు కాదు, గంటలు.

ఆ గంటల్లో పనిచేయాల్సినవి నాలుగు ప్రత్యేక వలయాలు, ఒక్కోటి 8 మెగావాట్లు మోయగలది. మొత్తం 32, కావలసింది గంట తర్వాత 16. వీటిలో పంపు లేదు. పాత్రలోని సోడియం నుంచి వేడి అందుకున్న వలయంలోని సోడియం తేలికై పైకి లేస్తుంది, ఎత్తున ఉన్న గాలి రేడియేటర్ దగ్గర చల్లబడి బరువెక్కి కిందికి దిగుతుంది. రేడియేటర్ చుట్టూ గాలి కూడా అంతే, వేడెక్కి ఎత్తయిన గొట్టం గుండా పైకి పోతూ కింద నుంచి కొత్త గాలిని లాక్కుంటుంది. పెంకుటింట్లో పొయ్యి పొగ గూట్లోంచి పైకి ఎగబాకినట్టే. ఏ కదిలే భాగమూ లేని పంపు కావాలనుకున్నాడు సిలార్డ్. ఇక్కడ పంపే లేదు, తోసేది వేడే.

బాబాయికి ఇంతవరకూ చెప్పాను. ఆయన విసనకర్ర ఆపి, "గాలి గొట్టానికి తలుపులేమైనా ఉంటాయా? ఎవరు తీస్తారు?" అన్నాడు.

ఉంటాయి. డాంపర్లంటారు. కొన్ని మోటారుతో, కొన్ని నొక్కిపెట్టిన గాలితో తెరుచుకుంటాయి, ఒకటి మొరాయించినా ఇంకోటి తెరుచుకోవాలని అలా రెండు రకాలు. మామూలు రోజుల్లో వాటిని పూర్తిగా మూయరు, వలయంలో సోడియం కదులుతూ ఉండటానికి సందు వదులుతారు. ఆ సందు ఎక్కువైనా ప్రమాదమే. రేడియేటర్ మరీ చల్లబడి 98 డిగ్రీల కిందికి దిగితే, చెన్నై ఎండల్లో కూడా, లోపల సోడియం గడ్డకట్టి దారి మూసుకుపోతుంది.

"అంటే చల్లబడకూడదు కూడా," అన్నాడు బాబాయి. లోపల ఫ్రిజ్ మళ్ళీ గుర్రుమంది. పిన్ని పాలగిన్నె బయటికి తీసి వాసన చూసింది.